ట్రాన్స్ శరీరం, తగ్గని నొప్పి, జిమ్: ఎవరిని ఏం అడగాలి?

ఏళ్ల తరబడి నొప్పితో బతుకుతున్న ట్రాన్స్‌జెండర్ వ్యక్తి "కాస్త బలం పెంచుకోవాలి, ఎలా మొదలుపెట్టాలి?" అని అడిగితే మూడు చోట్ల మూడు జవాబులు వస్తాయి. జిమ్ ట్రైనర్ దగ్గర మగవాళ్లకో షెడ్యూలు, ఆడవాళ్లకో షెడ్యూలు ఉంటాయి, రెండింట్లో ఒకటి చేతిలో పెడతాడు. నొప్పి చూసే డాక్టరు "నడవండి చాలు, బరువులు మాత్రం ఎత్తొద్దు" అంటారు. హార్మోన్లు రాసే ఎండోక్రైనాలజిస్టు రక్తపరీక్షలు చూసి అంతా నార్మలేనని పంపించేస్తారు. ముగ్గురూ వాళ్లకు తెలిసింది సరిగ్గానే చెప్పి ఉండొచ్చు. కాకపోతే ప్రతి ఒక్కరూ మిగతా రెండు సంగతులూ లేని మనిషిని ఊహించుకుని చెబుతున్నారు. ఆ మూడు మాటల్నీ ఒకచోట కలుపుకునే పని అడిగిన మనిషి నెత్తినే పడుతుంది.

ఈ చిక్కు గురించి నాకు అర్థమైంది ఏమిటంటే, వ్యాయామం విషయంలో ట్రాన్స్ కావడం వల్ల మారేది జనం అనుకునేదానికంటే తక్కువ. నొప్పి వల్ల మారేది చాలా ఎక్కువ. కండరానికి తగినంత భారం, తగినంత తిండి, తగినంత విశ్రాంతి దొరికితే అది ఎవరిదైనా బలపడుతుంది. ట్రాన్స్ అయినందువల్ల నిజంగా తేడా వచ్చే చోట్లు కొన్నే ఉన్నాయి: బైండర్ (ఛాతీ చదునుగా కనబడేలా అదిమి కట్టే బిగుతు వస్త్రం), ఆపరేషన్లు, హార్మోన్ల మొదటి రెండు మూడేళ్లు, కొన్ని మందుల కలయిక. విచిత్రం ఏమిటంటే, సరిగ్గా ఆ చోట్లలోనే ఎవరూ అడగరు. అవసరం లేని చోట మాత్రం అందరూ అదే పట్టుకుంటారు.

దీనికి ట్రాన్స్ సమూహాల్లో ఒక వెటకారపు పేరు కూడా ఉంది: "ట్రాన్స్ బ్రోకెన్ ఆర్మ్ సిండ్రోమ్". చెయ్యి విరిగి వెళ్లినా డాక్టరు హార్మోన్ల దగ్గరే ఆగిపోతాడని దాని భావం. దీర్ఘకాలిక నొప్పి ఉన్నవాళ్లకు ఇలాంటిదే ఇంకో అనుభవం ఉంటుంది. స్కానింగ్‌లో ఏమీ కనబడకపోతే "టెన్షన్ తగ్గించుకోండి" అంటారు. ఈ రెండూ ఒకే మనిషికి ఎదురైతే సలహా అడగడమే మానేస్తారు. మానేసినవాళ్లు మొండిగా శరీరాన్ని విరగదీసుకోవడమో, పూర్తిగా కదలిక ఆపేయడమో జరుగుతుంది. రెండోది చూడ్డానికి జాగ్రత్తలా కనిపిస్తుంది కాబట్టి ఎవరూ తప్పుపట్టరు. కానీ నెలల తరబడి కదలకపోతే కండరం కరుగుతుంది, కీళ్లు బిగుసుకుంటాయి, నిన్నటిదాకా నొప్పి పెట్టని పని కూడా నొప్పి పెట్టడం మొదలవుతుంది.

నొప్పిని కొలిచే పద్ధతి మారాలి

మూడు నెలలు దాటి ఉండే నొప్పినీ, తిరగబెడుతూ వచ్చే నొప్పినీ దీర్ఘకాలిక నొప్పి అంటున్నారు. ప్రపంచ ఆరోగ్య సంస్థ వ్యాధుల వర్గీకరణలో 11వ కూర్పు 2022 జనవరిలో అమల్లోకి వచ్చింది. ఏదో ఒక జబ్బుకు లక్షణంగానే కాకుండా, దీర్ఘకాలిక నొప్పిని తనంతట తానే ఒక జబ్బుగా కూడా గుర్తించిన కూర్పు అది. దాని వెనక దశాబ్దాల పరిశోధన ఉంది. దెబ్బ తగిలిన చోటి నుంచి మెదడుకు వెళ్లే సంకేతం దారిలో పెరగొచ్చు, తగ్గొచ్చు అని మెల్జాక్, వాల్ అనే పరిశోధకులు 1965లోనే ప్రతిపాదించారు. వెన్నుపాములోని నరాలే అతిగా స్పందించే స్థితికి చేరుకుంటాయని 1983లో వూల్ఫ్ అనే శాస్త్రవేత్త చూపించాడు. ఫైబ్రోమయాల్జియా (ఒళ్లంతా నొప్పులుండే జబ్బు) లాంటి వాటిలో మామూలు తాకిడే మంటలా అనిపించడానికి ఇది ఒక ముఖ్యమైన వివరణ.

జిమ్‌కు దీంతో ఏం సంబంధం అంటే, నొప్పి వచ్చినంత మాత్రాన ఏదో తెగిందనో, అరిగిందనో అర్థం కాదు. కాబట్టి "నొప్పి వస్తే ఆపెయ్" అన్న నియమం పనికిరాదు. నొప్పి ఎప్పుడూ ఉండేవాళ్లు ఆ లెక్కన అసలు మొదలే పెట్టలేరు. "నొప్పి లేనిదే ఫలితం లేదు" అనే జిమ్ మాట అంతకంటే ప్రమాదం. మరి దేన్ని నమ్మాలి? మోకాలి నొప్పి రోగుల కోసం 1990లలో స్వీడన్‌లో వచ్చిన ఒక పద్ధతి ఇప్పటికీ ఫిజియోథెరపీలో బాగా పనికొస్తోంది. నొప్పికి 0 నుంచి 10 వరకు మార్కులు వేసుకోవాలి. 2 దాకా భయం లేదు, 5 దాకా ఓర్చుకోవచ్చు, దాటితే భారం తగ్గించాలి. అంతకంటే ముఖ్యం, మర్నాటి పొద్దుటికల్లా నొప్పి మామూలు స్థాయికి దిగిపోవాలి. రోజూ 4లోనే ఉండేవాళ్లకు "5 దాకా" అన్నది అర్థం లేని మాట. వాళ్లు ఆ రోజు మొదట్లో ఉన్న నొప్పి కంటే ఎంత పెరిగిందో చూసుకోవాలి. రెండు మార్కులకు మించకుండా, ఒక రాత్రి నిద్రతో సర్దుకుంటే ఆ మోతాదు సరిపోయినట్టే.

దీన్ని కుర్చీలోంచి లేచి కూర్చునే వ్యాయామంతో చూద్దాం. నడుం నొప్పి ఉన్న ఒక ట్రాన్స్ మహిళ (పుట్టినప్పుడు మగబిడ్డగా నమోదైన మహిళ) బాగున్న రోజు ఆగకుండా 15 సార్లు లేవగలదు, బాగాలేని రోజు 6 సార్లే. సాధారణంగా ఏం జరుగుతుందంటే, బాగున్న రోజు ఉత్సాహంగా 20 చేస్తుంది, తర్వాత మూడు రోజులు మంచం దిగదు, కోలుకున్నాక ఆ మూడు రోజుల బాకీ తీర్చాలని మళ్లీ 20 చేస్తుంది. దీని బదులు 5తో మొదలుపెట్టాలి. బాగున్న రోజైనా 5, బాగాలేని రోజైనా 5. రెండు వారాలు ఇబ్బంది లేకుండా గడిస్తే 6 చేయాలి, తర్వాత 7. పది దాటాక కుర్చీ ఎత్తు తగ్గించొచ్చు, చేతిలో రెండు కిలోల బరువు పట్టుకోవచ్చు. ఇందులో కష్టం ఒక్కటే, బాగున్న రోజు ఆపడం. బాగాలేని రోజు 5 చేయడం కంటే బాగున్న రోజు 5 దగ్గర ఆగడానికే ఎక్కువ మనోబలం కావాలి. పక్కన కూర్చున్న ట్రైనర్ "ఇంకో రెండు చెయ్యగలవు" అంటుంటే మరీ కష్టం.

ఇక్కడ ఒక పెద్ద మినహాయింపు ఉంది. శ్రమ పడిన కొన్ని గంటలకో, మర్నాడో, ఆ తర్వాతి రోజో ఒంట్లో సత్తువంతా లాగేసినట్టై, రోజుల తరబడి, ఒక్కోసారి వారాల తరబడి కోలుకోలేకపోతే అది మామూలు ఒళ్లు నొప్పులు కాదు. మయాల్జిక్ ఎన్సెఫలోమైలైటిస్ లేదా క్రానిక్ ఫెటీగ్ సిండ్రోమ్ అనే జబ్బుకు ప్రధాన లక్షణం అది. లాంగ్ కోవిడ్ ఉన్న చాలామందిలోనూ కనబడుతుంది. బ్రిటన్‌లో వైద్య మార్గదర్శకాలు ఇచ్చే నైస్ సంస్థ 2021 ఏప్రిల్‌లో, వేరే జబ్బేదీ కారణంగా తేలని దీర్ఘకాలిక నొప్పికి వ్యాయామం సిఫార్సు చేసింది. అదే సంస్థ అదే ఏడాది అక్టోబరులో క్రానిక్ ఫెటీగ్ సిండ్రోమ్ ఉన్నవాళ్లకు వ్యాయామం క్రమంగా పెంచుకుంటూ పోయే చికిత్స ఇవ్వొద్దంది. పైన చెప్పిన 5, 6, 7 లెక్క వాళ్లకు హాని చేస్తుంది. నొప్పి, నీరసం రెండూ ఉన్నవాళ్లు బరువు ముట్టుకోకముందే ఈ తేడా తేల్చుకోవాలి.

కీళ్లు మామూలుకంటే ఎక్కువగా వంగేవాళ్ల సంగతి కూడా ఇక్కడే చెప్పాలి. ఒళ్లంతా పట్టేసినట్టుంటే స్ట్రెచింగ్ చేయాలనిపిస్తుంది. కానీ వదులు కీలును పట్టి ఉంచడానికి కండరాలు బిగుసుకుని ఉంటే, సాగదీయడం వల్ల ఆ పట్టు కూడా పోతుంది. వీళ్లకు కీలును చివరిదాకా వంచకుండా మధ్యలోనే ఆపి, కదలకుండా పట్టి ఉంచే వ్యాయామాలు నయం. గోడకు ఆనుకుని కూర్చున్నట్టు నిలబడటం, చేత్తో గోడను తోస్తూ పది సెకన్లు ఉండటం లాంటివి.

హార్మోన్లు ఏం మారుస్తాయి, ఏం మార్చవు

టెస్టోస్టెరాన్ మొదలుపెట్టినవాళ్లలో కండబలం పెరగడం 6 నుంచి 12 నెలల మధ్య తెలుస్తుందని, పూర్తి మార్పుకు 2 నుంచి 5 ఏళ్లు పడుతుందని హార్మోన్ల వైద్యుల సంఘమైన ఎండోక్రైన్ సొసైటీ 2017 మార్గదర్శకాలు చెబుతాయి. ఈస్ట్రోజెన్‌తో పాటు టెస్టోస్టెరాన్‌ను అణిచే మందు వాడేవాళ్లలో కండ తగ్గడం 3 నుంచి 6 నెలల్లో మొదలవుతుంది. తగ్గేది మాత్రం భయపడేంత కాదు. స్వీడన్‌లో చేసి 2020లో ప్రచురించిన ఒక అధ్యయనంలో ఏడాది హార్మోన్ల తర్వాత ట్రాన్స్ పురుషుల (పుట్టినప్పుడు ఆడబిడ్డలుగా నమోదైన పురుషులు) తొడ కండరం పరిమాణం 15 శాతం పెరిగింది, ట్రాన్స్ మహిళల్లో 5 శాతం తగ్గింది, వాళ్ల బలం దాదాపు అలాగే నిలబడింది. హిమోగ్లోబిన్ మాత్రం ఈస్ట్రోజెన్ మీద మొదటి మూడు నాలుగు నెలల్లోనే పడిపోతుంది. నిన్నమొన్నటి దాకా సులువుగా ఎక్కిన మెట్లు ఆయాసం తెప్పిస్తే, నొప్పి ముదిరిందని హడలిపోయే ముందు ఈ సంగతి గుర్తు చేసుకోవాలి, అనుమానం తీరకపోతే రక్తపరీక్ష చేయించుకోవాలి.

ట్రాన్స్ పురుషులకు అసలు ఇబ్బంది ఉత్సాహంతో వస్తుంది. కండరం వారాల్లో స్పందిస్తుంది, దాన్ని ఎముకకు పట్టి ఉంచే టెండన్ గట్టిపడటానికి నెలలు పడుతుంది. ఎత్తగలిగే బరువు చకచకా పెరుగుతున్నప్పుడు భుజం, మోచెయ్యి, మడమ దగ్గర కొత్త నొప్పి మొదలైతే కారణం తరచుగా ఇదే. కండరం ఊ అన్నా బరువు పెంచే వేగాన్ని టెండన్‌కు వదిలేయాలి.

ట్రాన్స్ మహిళల్లో భయం ఇంకో రకం: బరువులు ఎత్తితే భుజాలు వెడల్పవుతాయేమో అని. భుజాల వెడల్పులో ఎక్కువ పాలు ఎముకది, అది వ్యాయామంతో మారదు. టెస్టోస్టెరాన్ స్త్రీల స్థాయికి దిగాక కండలు ఉబ్బడం అంత తేలిక కాదు. ఈ భయంతో వ్యాయామం మానేస్తే నష్టం ఎముకలకు. హార్మోన్లు మొదలుపెట్టకముందే ట్రాన్స్ మహిళల్లో ఎముక సాంద్రత తక్కువగా ఉంటుందని పరిశోధనల్లో తేలింది. శారీరక శ్రమ తక్కువ కావడం, విటమిన్ డి లోపం అందుకు కారణాలుగా చెబుతున్నారు. నొప్పి వల్ల ఇంట్లోనే ఉండేవాళ్లకు ఈ రెండూ ఇంకా ఎక్కువ. అద్దంలో కనబడే భుజాలు మరీ బాధపెడితే కాళ్లు, తుంటి, నడుం మీద ఎక్కువ పని పెట్టి, పైభాగానికి వీపు వ్యాయామం ఒకటి ఉంచుకుంటే సరిపోతుంది. అందులో తప్పేం లేదు.

హార్మోన్లు నొప్పినే మారుస్తాయా? ఇటలీలో జరిగి 2007లో వచ్చిన ఒక చిన్న అధ్యయనంలో ట్రాన్స్ మహిళల్లో దాదాపు మూడోవంతు మందికి హార్మోన్లు మొదలయ్యాక నొప్పులు వచ్చాయి. అంతకుముందే నొప్పులున్న ట్రాన్స్ పురుషుల్లో సగం మంది దాకా టెస్టోస్టెరాన్ తర్వాత మెరుగనిపించిందన్నారు. వంద మంది కూడా లేని అధ్యయనం అది, దాన్ని బట్టి ఎవరి భవిష్యత్తూ చెప్పలేం. అయినా హార్మోన్ మోతాదు మారిన తేదీల్ని నొప్పి డైరీలో రాసుకోవడం వల్ల పోయేదేమీ లేదు. రెండు వారాలకోసారి టెస్టోస్టెరాన్ ఇంజెక్షన్ తీసుకునేవాళ్లకు తర్వాతి సూదికి ముందు రోజుల్లో నీరసం, చిరాకు రావచ్చు. ఆ రోజుల్లో సెట్లు తగ్గించుకోవచ్చు. తొడలో సూది వేయించుకున్న మర్నాడు కాళ్ల వ్యాయామం పెట్టుకోకపోవడం మామూలు ఇంగితం.

ఇక యాప్‌లు, జిమ్‌లోని బాడీ కాంపోజిషన్ మిషన్లు. మొదటి ప్రశ్నే "మేల్ లేక ఫీమేల్?" విశ్రాంతిలో ఒంటికి ఎన్ని కేలరీలు కావాలో లెక్కించడానికి చాలా యాప్‌లు వాడే మిఫ్లిన్-సెయింట్ జోర్ సూత్రం 1990 నాటిది. బరువు, ఎత్తు, వయసు కలిపి చివర్లో మగవాళ్లకు 5 కలుపుతుంది, ఆడవాళ్లకు 161 తీసేస్తుంది. 70 కిలోలు, 170 సెంటీమీటర్లు, 30 ఏళ్ల మనిషి ఒక బటన్ నొక్కితే సుమారు 1,617, ఇంకో బటన్ నొక్కితే 1,451. మొత్తం గొడవ ఈ 166 కేలరీల గురించే. సిస్‌జెండర్ (ట్రాన్స్ కాని) వ్యక్తుల్లో కూడా ఈ సూత్రం అంతకు మించి తప్పడం మామూలే. కాబట్టి రెండూ నొక్కి, మధ్యలో ఒక అంకె తీసుకుని, మూడు నాలుగు వారాల బరువు చూసి సర్దుకుంటే చాలు. మిషన్ చూపించే కొవ్వు శాతం కూడా అంతే. ఎప్పుడూ ఒకే బటన్ నొక్కి పెరిగిందా తగ్గిందా చూసుకోవాలి తప్ప ఆ అంకెను పట్టించుకోకూడదు. ఆ ప్రశ్న చూడటమే బాధగా ఉంటే మిషన్ ఎక్కకపోయినా బలం పెరుగుతుంది.

బైండర్, ఆపరేషన్, మందులు

ఛాతీని అదిమి కట్టే బైండర్ గురించి 2017లో వచ్చిన అధ్యయనంలో 1,800 మంది పాల్గొన్నారు. వాళ్లలో 97 శాతం మంది కనీసం ఒక ఇబ్బంది ఉందన్నారు, సగానికి పైగా వెన్నునొప్పి చెప్పారు. అయినా వీపు నొప్పితో వెళ్తే బైండర్ సంగతి అడిగే డాక్టర్లు తక్కువ, చెప్పేవాళ్లూ తక్కువ. బైండర్ వేసుకుని బరువులు ఎత్తకూడదు, పరిగెత్తకూడదు. పక్కటెముకలు విప్పారక ఊపిరి పైపైనే ఆడుతుంది, బరువెత్తేటప్పుడు నడుముకు దన్నుగా ఉండాల్సిన ఊపిరి అందదు. ఇంట్లో బైండర్ తీసి, వెల్లకిలా పడుకుని, కింది పక్కటెముకల మీద రెండు చేతులూ పెట్టి ఊపిరి పీల్చి చూడండి. చేతులు పక్కలకు జరగకుండా భుజాలే పైకి లేస్తుంటే బరువుల కంటే ముందు చేయాల్సిన వ్యాయామం అదే.

"తీసెయ్యండి" అని చెప్పడం సులువే. బైండర్ లేకుండా జిమ్‌లో అడుగుపెట్టలేని మనిషికి ఆ సలహా అంటే జిమ్ మానెయ్యమనే. అలాంటివాళ్లకు బిగువైన స్పోర్ట్స్ బ్రా మీద వదులు చొక్కా, లేదా బరువైన వ్యాయామాలు ఇంట్లో, తేలికైనవి బయట అన్న ఏర్పాటు పనికొస్తుంది. ఎలాస్టిక్ బ్యాండేజీ, టేపు చుట్టడం మాత్రం వద్దు, ఊపిరి తీసే కొద్దీ బిగుస్తాయి. టకింగ్ (జననాంగాలు బయటికి తెలియకుండా వెనక్కి అదిమి ఉంచడం) చేసుకునే ట్రాన్స్ మహిళలు కిందికి కూర్చుని లేచే వ్యాయామాల సమయంలో దాన్ని వదులు చేసుకోవాలి. లేకపోతే గజ్జల్లో వచ్చే నొప్పిని తుంటి కీలు నొప్పి అనుకునే వీలుంది.

ఛాతీ ఆపరేషన్ తర్వాత సాధారణంగా 4 నుంచి 6 వారాలు బరువులు, చేతులు పైకెత్తే పనులు ఆపమంటారు. జననాంగ ఆపరేషన్లకు ఇంకా ఎక్కువ సమయం పడుతుంది, మీ సర్జన్ చెప్పిన లెక్కే లెక్క. ముంజేతి చర్మం తీసి పురుషాంగాన్ని నిర్మించే ఫాలోప్లాస్టీ ఆపరేషన్ తర్వాత పిడికిలి బలం తిరిగి రావడానికి ప్రత్యేకంగా ఫిజియో కావాలి. కటి నొప్పి ఉన్నవాళ్లకు ఒక హెచ్చరిక: అందరూ సలహా ఇచ్చే కీగెల్ వ్యాయామం (కటి అడుగున ఉండే కండరాల్ని బిగించి వదలడం) అందరికీ కాదు. ఆపరేషన్ తర్వాతో, టెస్టోస్టెరాన్ మీద ఉన్నప్పుడో వచ్చే కటి నొప్పిలో కింది కండరాలు తరచూ బలహీనంగా కాక అతిగా బిగుసుకుని ఉంటాయి. వాటిని ఇంకా బిగిస్తే కొండనాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడినట్టే. ముందు ఆ కండరాల్ని వదులు చేయడం నేర్చుకోవాలి.

మందుల విషయంలో ఒక జత గుర్తుపెట్టుకోవాలి. టెస్టోస్టెరాన్‌ను అణచడానికి స్పైరోనోలాక్టోన్ వాడే ట్రాన్స్ మహిళలు నొప్పి కోసం ఐబుప్రోఫెన్, డైక్లోఫెనాక్ లాంటివి రోజూ వేసుకుంటే రక్తంలో పొటాషియం పెరగొచ్చు, కిడ్నీల మీద భారం పడొచ్చు. దీనికి తోడు చెమటపట్టి నీళ్లు తగ్గితే ప్రమాదం ఎక్కువ. సోడియం తక్కువని అమ్మే ఉప్పుల్లో పొటాషియం ఉంటుందని కూడా చూసుకోవాలి. స్పైరోనోలాక్టోన్ బీపీ తగ్గిస్తుంది కాబట్టి నేల మీది వ్యాయామం నుంచి గభాల్న లేస్తే కళ్లు తిరగొచ్చు. కండబలం కోసం క్రియేటిన్ పొడి వాడుతుంటే రక్తపరీక్షలో క్రియేటినిన్ పెరిగి కిడ్నీ పాడైందేమో అనిపించవచ్చు, పరీక్షకు ముందే డాక్టరుకు చెప్పాలి. నరాల నొప్పికి ఇచ్చే కార్బమజెపీన్ ఈస్ట్రోజెన్, టెస్టోస్టెరాన్ రెండింటినీ ఒంట్లోంచి త్వరగా తీసేయగలదు. నొప్పికి ఇచ్చే మార్ఫిన్ లాంటి ఓపియాయిడ్ మందులు దీర్ఘకాలం వాడితే శరీరం స్వయంగా తయారుచేసే హార్మోన్లు తగ్గుతాయి. టెస్టోస్టెరాన్ వాడేవాళ్లు హెమటోక్రిట్ (రక్తంలో ఎర్రకణాల శాతం) చూపించుకుంటూ ఉండాలి, అది 54 శాతం దాటితే సాధారణంగా మోతాదు గురించి మళ్లీ ఆలోచిస్తారు. ఈస్ట్రోజెన్ మీద ఉన్నవాళ్లకు ఒకే పిక్క వాచి, నొప్పి పుట్టి, వేడిగా ఉంటే అది వ్యాయామం నొప్పి అని ఊరుకోకుండా అదే రోజు ఆసుపత్రికి వెళ్లాలి. రక్తం గడ్డకట్టి ఉండొచ్చు.

ఎవరికి ఎంత చెప్పాలి

మందులు రాసే డాక్టరుకు అన్ని మందులూ, చేసిన ఆపరేషన్లూ తెలియాలి. దాచితే నష్టం మనకే. ఫిజియోకు ఆపరేషన్లు, బైండర్ సంగతి తెలియాలి. ట్రైనర్‌కు మాత్రం శరీరం ఏం చేయగలదో తెలిస్తే చాలు, మీరెవరో చెప్పాలా వద్దా అన్నది మీ ఇష్టం. "ఛాతీకి ఆపరేషన్ అయింది, ఇంకో నెల చేతులు తల పైకి ఎత్తకూడదు" అంటే చాలు, ఏ ఆపరేషనో చెప్పక్కర్లేదు. "బీపీ మందు వాడుతున్నాను, నేల మీంచి నెమ్మదిగా లేస్తాను" అంటే అదీ నిజమే, స్పైరోనోలాక్టోన్ బీపీకి కూడా ఇచ్చే మందే. "నాకు నొప్పి రోజూ ఉంటుంది, నేను ఆపమన్నప్పుడు ఆపుదాం, ఇంకో రెండు అని మాత్రం అనొద్దు" అన్నది మొదటి రోజే చెప్పాలి.

ట్రైనర్ మంచివాడో కాదో తెలుసుకోవడానికి సర్టిఫికెట్ కంటే ఆ మూడో మాటకు వచ్చే జవాబు బాగా పనికొస్తుంది. "సరే, నిన్నటి వ్యాయామం తర్వాత ఇవాళ పొద్దున ఎలా ఉంది?" అని అడిగినవాడికి ట్రాన్స్ శరీరాల గురించి ఏమీ తెలియకపోయినా ఫర్వాలేదు, నేర్చుకుంటాడు. "నా దగ్గర మూడు నెలల్లో నొప్పే ఉండదు" అన్నవాడికి ఎంత తెలిసినా డబ్బు కట్టకండి.